ఒక గుక్క కాలువ నీళ్లు

నంద్యాల దాటాక బస్సు చెడిపోయి ఆగింది. ఏడేళ్ల మా పాప దాహమని ఏడుస్తుంటే కాలువలో సీసా నింపి, నీళ్లు శుద్ధిచేసే మాత్ర వేశాను. అరగంట ఆగి, ముందు నేనే ఒక గుక్క తాగి చూశాను.

బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దామె సీసా లాక్కుని, వాసన చూసి పారబోసింది.

"ఏందమ్మా, ఆ పక్క మందు కొట్టిన ట్యాంకులు కడుగుతాండారు, కనపల్లేదా? మాత్రకు క్రిములు సస్తాయి. పురుగుల మందు యాడికి పోతాది? కాగబెట్టినా పోదు. బిడ్డ తాగిందా?"

"లేదు. నేను తాగాను."

ఆమె నా మణికట్టు పట్టుకుంది. బస్సు బాగై కదిలాక, "ఆ మందు ఒంటికెక్కితే కండ్లు మసకబారతాయి. ఆ బోర్డు సదువు," అంది.

ఆళ్లగడ్డ వచ్చేదాకా ప్రతి ఊరి పేరూ పైకి చదివాను. ఆమెకు చదువు రాదు. ప్రతిసారీ పాపవైపు తిరిగి అడిగేది: "మీయమ్మ సరిగ్గా సదివిందా?"