పెళ్లి బట్టలకు వెళ్తూ ప్రమాద బీమా

పెళ్లికాని కుర్రాళ్లెవరైనా ఉంటే ఇది కాస్త శ్రద్ధగా చదవండి బాబూ. కాబోయే అత్తవారిని అద్దె కారెక్కించి, బెజవాడ సగం దారి కూడా చేరకముందే వాళ్లచేత హంతకుణ్ణనిపించుకున్న ఘనుడు తిరువూరులో నేనొక్కణ్ణే.

డెబ్బైల నాటి మాట. తిరువూరులో గుమస్తాగా పనిచేస్తున్నాను. వినగడప బడిపంతులుగారి అమ్మాయి సుగుణతో పెళ్లి కుదిరింది. బట్టలకు బెజవాడ వెళ్లాలి. బస్సెందుకు, నేనున్నానుగా అని టాక్సీ మాట్లాడాను. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? సింగపూరు వెళ్లొచ్చిన స్నేహితుడొకడు, "అక్కడ కారు అద్దెకిచ్చేటప్పుడే, ఎక్కే మనుషులకి కూడా బీమా కావాలా అని అడుగుతార్రా" అన్నాడు. ఆ మాట నా బుర్ర తొలిచేసింది. మామగారికి ఫారిన్ మర్యాద రుచి చూపించాలి! ఏజెంటు దగ్గర కాగితాలు తెచ్చి, అన్నీ నేనే నింపి, సంతకాలు మాత్రం మిగిల్చాను.

మామగారు కారు ముందు నిలబడి, క్షేమంగా తీసుకెళ్లి క్షేమంగా తీసుకురమ్మని ప్రార్థన చేశారు. సుగుణ, వాళ్ల నాయనమ్మగారు, నేను, అందరం ఆమెన్ అన్నాం. ఎ.కొండూరు దగ్గర ఇంజను వేడెక్కి డ్రైవరు కారు ఆపాడు. ఇదే అదనని కాగితాలు తీశాను.

"ఏంటి బాబూ ఇవి?" అన్నారు మామగారు.

"ప్రమాద బీమా అండి. మీకు, నాయనమ్మగారికి, సుగుణకి. దారిలో చెయ్యి పోతే కొంత, కాలు పోతే కొంత ఇస్తారు. మనిషే పోతే..."

"పోతే?"

"మొత్తం ఇచ్చేస్తారండి!" అన్నాను సంబరంగా.

వెనక సీట్లో సుగుణ నాయనమ్మగారు గుండె పట్టుకున్నారు. "ఇప్పుడే గదయ్యా ప్రార్థన చేసుకుని ఎక్కాం! దేవుడి మీద నమ్మకం లేదా నీకు?"

"ఆయన సంగతి సరే, నా సంగతేంటండీ?" అన్నాడు డ్రైవరు, రేడియేటర్లో నీళ్లు పోస్తున్నవాడల్లా ఆగిపోయి. "నేనేమన్నా తాగి నడుపుతున్నానా?"

నేను తగ్గితేగా! స్టాంపు ప్యాడు తీసి, "నాయనమ్మగారూ, మీరు వేలిముద్ర వేస్తే చాలు" అన్నాను.

"వేలిముద్రా? మా బావగారు ఇట్టాగే వేయించుకుని మా పొలం లాక్కున్నాడు!" అంటూ ఆవిడ చెయ్యి కొంగులో దాచేసుకున్నారు.

మామగారు కళ్లజోడు సర్దుకున్నారు. "మేం పోతే డబ్బెవరికిస్తారు?"

"నాకేనండి. మీరు ముగ్గురూ పోయాక తీసుకోడానికి ఒకరుండాలి గదా!"

నా మాట నా చెవిన పడ్డాక గానీ అదెలా వినిపించిందో నాకు తెలియలేదు.

అప్పుడు సుగుణ నోరు విప్పింది. నాతో తను మాట్లాడిన మొట్టమొదటి మాట అదే. "మరి మీ కాగితం ఏదండీ?"

"నాకెందుకు? నాకేమవుతుంది?"

మామగారు తలుపు తీసుకుని దిగిపోయారు. "అమ్మా, సుగుణా, దిగండి. బస్సులో ఇంటికెళ్లిపోదాం. ఈ సంబంధం మనకొద్దు."

పట్టపగలు, నడిరోడ్డు మీద, నా పెళ్లి నా కళ్ల ముందే బస్సెక్కబోతోంది! "మామయ్యగారూ, నేనంత దుర్మార్గుణ్ణి కాదండీ, వట్టి తెలివితక్కువవాణ్ణండీ!" అని బతిమాలాను. ఆయన బస్సు కోసం రోడ్డు వంకే చూస్తున్నారు.

సుగుణ మాత్రం దిగలేదు. "ఖాళీ కాగితం ఇంకోటుందా?" అంది. ఇచ్చాను. ఆ మూడు కాగితాలూ చింపేసి, నాలుగోదాని మీద నా పేరు రాసింది. డబ్బు ముట్టాల్సిన చోట తన పేరు రాసింది.

"సంతకం పెట్టండి. పెడితేనే పెళ్లి."

పెట్టాను. మామగారు దాన్ని రెండుసార్లు చదువుకుని, వచ్చి కారెక్కారు. నాయనమ్మగారు కొంగులోంచి చెయ్యి తీసి, సీట్లోకొచ్చిన డ్రైవరు భుజం తట్టారు.

"నాయనా, అబ్బాయిని డోరు పక్కన కూర్చోబెట్టి, ఇంక ఎంత స్పీడుగా పోతావో పో!"

ఆ రోజు ఎ.కొండూరు రోడ్డు మీద ఒట్టేసుకున్నాను. ప్రయాణమయ్యే మనిషికి "జాగ్రత్తగా వెళ్లిరండి" అని మాత్రమే చెబుతాను. తిరిగి రాకపోతే ఎవరికెంత ముడుతుందో ఈ జన్మకు చెప్పను.