అవునండీ సెలూన్

బోర్డు మీద ఏ పేరు రాయించాడో ఇప్పుడెవరికీ గుర్తులేదు. ఎండకి వెలిసి అక్షరాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. వీధిలో అందరూ దాన్ని అవునండీ సెలూన్ అంటారు, ఆయన్ని అవునండీ అంటారు. కుర్చీలో కూర్చున్నవాడు ఏమన్నా ఆయన నోట వచ్చేది ఆ మాటే కాబట్టి. భూమి గుండ్రంగా ఉందంటే అవునండీ. కాదు, బల్లపరుపుగా ఉందంటే, కత్తెర ఆడిస్తూనే, అవునండీ.

ఇదేదో మెతకదనం అనుకునేరు. పనిలో భాగం. చేతికి మొదటిసారి కత్తి ఇచ్చిన రోజునే తండ్రి చెప్పాడు: "గొంతు మీద కత్తి పెట్టి వాదనకి దిగకురా. కోపమొస్తే తల తిప్పుతాడు. తిప్పితే తెగుతుంది. తెగితే తప్పు నీదే." ఆ మాట పట్టుకునే జుట్టు నెరిసేదాకా నెట్టుకొచ్చాడు. ఆయన చేతిలో ఎవరి మొహమూ తెగలేదు.

పైకి అవునండీ గానీ లోపల మాత్రం మనిషికి ఒళ్లంతా రోత. ఈ ఫోన్లు వచ్చాక మరీను. వెనకటికి సెలూన్లో పేపరు ఉండేది, చదివినవాడు చదివేవాడు, చదవనివాడు కునుకు తీసేవాడు. ఇప్పుడు బల్ల మీద కూర్చున్న ప్రతివాడి చేతిలోంచీ ఎవడో ఒకడు అరుస్తూనే ఉంటాడు. నాలుక మీద బొటనవేలు తడుపుకుని ఆ ఫోన్ అద్దం మీద రుద్దుతారు. తుమ్మి, అదే చేత్తో "ఇది చూడు" అని ఆయన మొహం మీదకి తెస్తారు. కొట్టంతా వెంట్రుకలు పడుతుంటే, ఉతికిన తువ్వాలు మీద ఆ జిడ్డు ఫోన్ పెట్టి, గాలిలో విషం ఉందని ఉపన్యాసం ఇస్తారు. ఫ్రిజ్ వల్ల రోగాలొస్తాయని ఒకడు. చదువుకున్న ఆడపిల్లల వల్ల లోకం పాడైపోయిందని ఇంకొకడు. ఆ రెండోవాడిని పెళ్లాం చేసే ఉద్యోగమే పోషిస్తోంది. ఛీ, అనుకునేవాడు అవునండీ. పైకి మాత్రం అవునండీ అనేవాడు.

వీళ్లందరికీ పెద్ద, టైల్స్ షాపాయన. వారం వారం గడ్డానికి వస్తాడు. నురుగు పూసేలోపే మొదలెడతాడు. గ్రానైటు గురించి అడిగితే నిజం చెబుతాడేమో తెలియదు గానీ, గుండె, కాలేయం, కిడ్నీల గురించి అడక్కుండానే చెబుతాడు. ఆ రోజు బీపీ మాత్రల మీద పడ్డాడు.

"అంతా కంపెనీల నాటకం. బీపీ అనేదే రోగం కాదు. మాత్ర మొదలెట్టావా, చచ్చేదాకా వాడికి కప్పం కట్టాల్సిందే. పొద్దున్నే వేణ్ణీళ్లు తాగి నడిస్తే చాలు. నేను మానేశానా లేదా? ఎలా ఉన్నాను?"

సరిగ్గా అప్పుడు అవునండీ కత్తి ఆయన పై పెదవి మీద ఉంది. అక్కడ చర్మం పలచన. తల కదలకూడదు, పెదవి అసలే కదలకూడదు. ఈయనేమో "ఉన్నానా లేదా?" అంటూ మొహం అటూ ఇటూ విసురుతున్నాడు. ఉత్త అవునండీకి లొంగే ఊపు కాదది. నోరు మూయించాలంటే పూర్తిగా ఒప్పుకోవడం ఒక్కటే దారి.

"నిజమేనండీ. నేనూ చూశాను. మా ఎరుకలో ఒకాయన మాత్రలు మానేసి కుర్రాడిలా తిరుగుతున్నాడు."

అలాంటి మనిషి ఎవరూ లేరు. నోటికొచ్చింది అనేశాడు. టైల్స్ షాపాయన తృప్తిగా మూతి బిగించాడు. పై పెదవి రెండు గీతల్లో నున్నగా వచ్చింది.

వెనక బల్ల మీద తన వంతు కోసం బావ కూర్చుని ఉన్నాడు. అక్క మొగుడు, మోటార్లకు తీగ చుట్టే మెకానిక్. కాలిపోయిన పంపు మోటారు ఆయన దగ్గరికి వెళ్తే మళ్లీ నీళ్లు తోడాల్సిందే. వేళ్లు అంత చురుకు, నోరు అంత పొదుపు. రోజూ ఒక బీపీ మాత్ర వేసుకుంటాడు, అది మింగినప్పుడల్లా ముసలాడినైపోయానని మొహం మాడ్చుకుంటాడు. ఆ రోజు ఆయన గడ్డం గీయించుకుని మారుమాట లేకుండా వెళ్లిపోయాడు. బావమరిది తనకు అబద్ధం చెప్పడని ఆయనకి గట్టి నమ్మకం. కుర్చీలోవాళ్లతో ఎన్ని అవునండీలు కొట్టినా సరే, "నేను చూశాను" అన్నాడంటే చూసే ఉంటాడు.

కొన్నాళ్లకి అక్క ఫోన్ చేసింది. బావ మోటారు ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడట. ఆసుపత్రికి పరిగెత్తేసరికి ఆయన మంచం మీద ఉన్నాడు. మూతి ఒక పక్కకి జారింది. కుడి చెయ్యి ఆయనది కానట్టు దుప్పటి మీద పడి ఉంది. ఆయన మాత్రలు మానేసిన సంగతి డాక్టరు అడిగితే గానీ అక్కకి తెలియలేదు.

అక్క వరండాలోకి తీసుకొచ్చి తమ్ముణ్ణి నిలబెట్టింది.

"మీ బావ తంటాలు పడి చెప్పాడురా. నువ్వూ చూశానన్నావటగా. ఎవర్ని చూశావు? ఆ మనిషి ఎవరో నాకూ చూపించు."

జీవితంలో మొదటిసారి ఆయన నోట అవునండీ రాలేదు. అక్క చేతిలోని మందుల చీటీ అందుకుని మెట్లు దిగాడు.

తర్వాత బావ కోసం మందుల షాపుకి తిరగడం ఆయన వంతైంది. ఆకుపచ్చ గీతలున్న అట్ట, దాంట్లో చిన్న గులాబీ రంగు మాత్రలు. చూసీ చూసీ చీకట్లో కూడా గుర్తుపట్టేంత అలవాటైపోయింది. అందుకే టైల్స్ షాపాయన మళ్లీ గడ్డానికి వచ్చి, ముక్కు తుడుచుకోవడానికి జేబురుమాలు లాగినప్పుడు, దాంతోపాటు జారి వెంట్రుకల్లో పడిందేమిటో ఆయనకి వంగకుండానే తెలిసిపోయింది. సగం మాత్రలు వాడేసిన అట్ట.

తీసి, ఊది, చేతికిచ్చాడు. "ఇవి మీవేనా అండీ?"

"ఆఁ, ఇటివ్వు. పొద్దున వేసుకోవడం మర్చిపోయాను."

"మానేశానన్నారుగా?"

"మానేస్తే ఎలాగయ్యా, తల తిరిగి పడిపోనూ!" అని నవ్వాడాయన. "వీడియోలో చెప్పేది వేరు, మన ఒళ్లు వేరు. ఏదో నలుగురం కూర్చున్నప్పుడు మాటలు. నువ్వు మాత్రం నమ్మావా ఏమిటి?"

ఆ నున్నటి మెడ, ఆ నవ్వు, పళ్ల సందుల్లో ఉమ్మి, అన్నీ రోతగానే కనిపించాయి అవునండీకి. తల ఎత్తితే అద్దంలో రెండు మొహాలు కనిపించాయి. ఇద్దరూ నమ్మని మాటే ఇద్దరూ చెప్పారు. నమ్మినవాడు వెనక బల్ల మీద కూర్చున్నవాడొక్కడే. ఆ రెండో మొహం చూసి మరీ రోత పుట్టింది ఆయనకి. అయినా ఏం చేశాడనుకున్నారు? కత్తికి కొత్త బ్లేడు వేసి, నున్నగా గీసి, పటిక రుద్ది, "నేనూ నమ్మలేదండీ" అన్నాడు.

బావకి కాస్త నడక వచ్చాక అక్క ఆయన్ని చెయ్యి పట్టుకుని సెలూన్‌కి తీసుకొచ్చింది. గడ్డం మాసి గుబురుగా ఉంది. కుర్చీలో కూర్చోబెట్టి, బయట పని చూసుకొస్తానని వెళ్లింది. వెనక బల్ల మీద టైల్స్ షాపాయన అప్పటికే ఫోన్ తెరిచాడు. పక్కన ఎవరో కొత్త మనిషి, భుజాన సంచి ఉంది, నోరు తెరుచుకుని వింటున్నాడు.

నురుగు పూసి, ఎడమ పక్క గీసి, కుడివైపుకి వచ్చి, అలవాటు కొద్దీ అన్నాడు అవునండీ: "బుగ్గ పూరించు బావా."

బావ పూరించబోయాడు. గాలి మూతి చివర్నించి ఉస్సుమని జారిపోయింది. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ జారిపోయింది. ఎదురుగా అద్దం ఉంది, ఇద్దరూ చూశారు.

"షుగర్ అనేదే లేదటండీ," అంటున్నాడు వెనక టైల్స్ షాపాయన. "ఆ అంకెలు వాళ్లే పెంచారు, అందర్నీ రోగుల్ని చెయ్యడానికి. ఇంజెక్షన్లు మానేసినవాళ్లు లక్షణంగా ఉన్నారు."

"నిజమా అండీ?" అన్నాడు సంచి మనిషి. ఆయన చెయ్యి సంచి మీదకి పోయింది. "నేను రోజూ పొడుచుకుంటున్నాను. సూది ఇందులోనే ఉంది."

"కావాలంటే ఈయన్నడగండి, రోజూ ఎంతమందిని చూస్తాడు! ఏమంటావ్ అవునండీ?"

అవునండీ కత్తి బుగ్గ మీదనుంచి తీసి పక్కన పెట్టాడు.

"కాదండీ."

సెలూన్లో ఎవరికీ అర్థం కాలేదు. ఆయన సంచి మనిషి వైపు తిరిగాడు. "నేనెవర్నీ చూడలేదు. మానేసి బాగున్నవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. మానేసినాయన్ని చూడాలంటే ఇదిగో, మా బావ. మానొద్దు బాబూ. డాక్టర్నడక్కుండా ఏదీ మానొద్దు. మీకు చెప్పిన ఈయన జేబులోనే బీపీ మాత్రలున్నాయి, అడిగి చూడండి."

టైల్స్ షాపాయన మొహం కందగడ్డ అయింది. "గడ్డాలు గీసుకునేవాడివి నీకెందుకయ్యా ఇవన్నీ?" అని విసురుగా లేచి వెళ్లిపోయాడు. జేబు మీద చెయ్యి పెట్టుకునే వెళ్లాడు. సంచి మనిషి కాసేపు బావ వంకా, తన సంచి వంకా చూసి, సంచిని ఒళ్లోకి లాక్కున్నాడు.

అవునండీ మళ్లీ కత్తి అందుకున్నాడు. అద్దంలో బావ తననే చూస్తున్నాడు. నురుగులోంచి ఆ వంకర మూతి కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. మాట చాలాసేపటికి వచ్చింది.

"ఇ...ప్పుడా?"

మూతి చివర్నించి కారిన నురుగు తుడిచి, పూరని బుగ్గని రెండు వేళ్లతో సాగదీసి పట్టుకుని, ఆయన గడ్డం గీయసాగాడు.