కంచె అవతల తమ్ముడు

తతకోవా ఎడారిలో మేకలు మేపుకునే ఎవుదోసియా పదకొండేళ్ళుగా తమ్ముడు వెన్సెస్లావోతో మాట్లాడలేదు. గొడవంతా ఒక తాబేటిచిప్ప మీద వచ్చింది. వాళ్ళ నాన్న బతికున్నప్పుడు వాగు గట్టు తెగి బయటపడిన రాతిచిప్ప అది, బండిచక్రమంత ఉండేది. మేకలు దాంట్లోనే నీళ్ళు తాగేవి. ఆమె సంతకు వెళ్ళిన రోజు చూసి తమ్ముడు దాన్ని ఊళ్ళో మ్యూజియానికి ఇచ్చేశాడు.

"ఎవర్నడిగి ఇచ్చావురా? నా మేకలు నీ నెత్తి మీద తాగాలా నీళ్ళు?"

"కోటి ఏళ్ళ నాటిదక్కా అది. నీళ్ళతొట్టి కాదే!"

"అయితే పోయి దానికే తమ్ముడివై ఉండు. ఈ కంచె దాటావంటే కాళ్ళు విరగ్గొడతా."

అతనూ మొండివాడే. దాటలేదు. యాత్రికులకు రాయైపోయిన ఎముకలు చూపించడం అతని పని. ముక్కను నాలుకకు తాకించి, అంటుకుంటే ఎముక, లేకపోతే ఉత్త రాయి అని చెప్పేవాడు. ఎర్రమట్టి గుట్టలన్నీ తిప్పాక ప్రతిసారీ వాళ్ళను అక్క ఇంటికే పంపేవాడు. "మేకపాల మిఠాయి ఆవిడ చేతిదే తినాలి, వెళ్ళిరండి" అని తాను మాత్రం కంచె అవతల ఎండలో నిలబడేవాడు. ఆమె కిటికీలోంచి అతని టోపీ చూసి, చూడనట్టే పక్కకు తప్పుకునేది.

ఆగస్టులో ఒక మిట్టమధ్యాహ్నం ఒక యాత్రికురాలు రొప్పుతూ వచ్చింది.

"అమ్మా, కాసిని నీళ్ళు! మా గైడు గుండె పట్టుకుని కూలబడిపోయాడు."

"వెన్సెస్లావోనా? నాటకాలు! పొద్దున్నే సారా పట్టించుంటాడు," అంటూనే ఎవుదోసియా సొరబుర్ర నిండా నీళ్ళు ముంచి ఇచ్చింది. చెప్పులేసుకుని గడప దాకా వెళ్ళింది.

"మీరూ వస్తారా?"

"నువ్వెళ్ళు. కావాలంటే వాడే వస్తాడు."

నీళ్ళు చేరేసరికి అతను పోయాడు.

పూడ్చేటప్పుడు ఆమె ఏడవలేదు. తొమ్మిది రోజుల ప్రార్థనలు అయ్యాక, శవాన్ని మోసుకొచ్చినవాళ్ళలో ఒకడైన ఫనోర్‌ను వెంటబెట్టుకుని బయల్దేరింది. అతను వాగు మలుపులో ఆగాడు.

"ఇక్కడే పెద్దమ్మా. ఈ గట్టుకి ఆనుకుని ఉన్నాడు."

"ఆ వేళకి ఇక్కడ నీడుంటుందా?"

"ఉండదు."

"మా ఇల్లు కనబడుతుందా?"

ఫనోర్ నేలచూపులు చూశాడు. "కనబడుతుంది. మీ గుమ్మం కూడా."

ఎవుదోసియా ఆ గట్టుకే వీపు ఆనించి కూర్చుంది. ఎండకు నెత్తి మాడుతున్నా, ఫనోర్ ఎంత బతిమాలినా లేవలేదు.