తార్నాక చౌరస్తాలో క్యారమ్ ఫైనల్

తార్నాక చౌరస్తాలో నా శిష్యురాలు గెలిచిన క్యారమ్ ఫైనల్‌ను మ్యాచ్‌గా గుర్తించలేదు. ధర్నా కింద జమకట్టేశారు.

ఒకప్పుడు నేను నగర చాంపియన్‌ని. చూపుడువేలి కీలు బిగుసుకుపోయాక కోచ్‌నయ్యాను. నా బడి ఏడో తరగతితో ఆగింది. తక్కిన చదువంతా పాత పుస్తకాల బండ్ల దగ్గర నిలబడి చదువుకున్నదే. క్యారమ్ నియమాల పుస్తకం మాత్రం కొనుక్కుని చదివాను. బోర్డు ఎత్తు గురించి అందులో ఉంది, వెలుతురు గురించి ఉంది, ఆటమధ్యలో కుర్చీ జరపకూడదని ఉంది. నాలుగు గోడలుండాలని ఎక్కడా లేదు. ఉందన్నవాణ్ణి చూపించమనండి.

ఆటగాడిగా ట్రోఫీలు ఇంటినిండా ఉన్నాయి. కోచ్‌గా ఒక్కటీ లేదు. నేర్చుకున్నవాళ్లంతా సెమీఫైనల్ దాకా వచ్చి, ఉద్యోగమనో పెళ్లనో జారుకునేవారు. ఫైనల్ చేరింది ఒక్కతే. సీతాఫల్‌మండిలో ఉండే కడప పిల్ల, తండ్రి యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. ఆమెకు ఎదురు పడ్డవాడు క్యాంపస్ హాస్టల్ కుర్రాడు, తెలంగాణ ఊరేగింపుల్లో ముందు వరుసలో నడిచేవాడు.

సరిగ్గా ఆ రోజే బంద్. ఫైనల్ జరగాల్సిన క్యాంపస్ హాలుకు తాళం. చౌరస్తాలో నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు. టోర్నమెంటు కార్యదర్శి ఏలూరు వైపు మనిషి, మర్యాదస్తుడు, అంపైరూ ఆయనే. "వాయిదా వేసేద్దామండీ మాస్టారూ" అన్నాడు. వాయిదా పడితే ఈ పిల్ల కూడా బ్యాంకు పరీక్షలంటూ పోతుందని నా భయం.

దారి చూపించింది హాస్టల్ కుర్రాడే.

"కాకా, బోర్డు రోడ్డు మీదికి పట్కరా. గాడ కబడ్డీ ఆడుతున్నరు, బతుకమ్మ ఆడుతున్నరు. క్యారమ్ ఆడితే ఏమైతది? గది కూడ నిరసననే."

బియ్యం బస్తాల పక్కన బోర్డు వేశాం. రోడ్డు ఒకవైపు వాలుగా ఉంటే స్టాండు కాలి కింద ఉద్యమ కరపత్రాలు మడిచిపెట్టి సరిచేశాను. గాలికి పౌడరు లేచింది.

"నీ పౌడరంత పప్పుల పడ్తున్నది, జర అటు జరుగు కాకా" అని వంటవాళ్లు గొడవ.

కుర్రాడు పిల్లను కవ్వించాడు. "తెలంగాణ రోడ్డు మీద గెలుస్తవా అక్కా?"

"రోడ్డు ఎవరిదైతే ఏమి అన్నా, బొక్కలు నాలుగు మూలల్లోనే ఉండాయి గదా. ముందు నువ్వు ఒకటి ఏసి చూపీ."

వాడు నాలుగైదు వేశాడు. ఆమె అంతకన్నా ఎక్కువ వేసింది. ఎర్రకాయ పడింది, దానికి తోడుగా చివరి తెల్లకాయ వేస్తే ఆట అయిపోతుంది. అప్పుడు దిగింది పోలీసు వ్యాను. జనం లేచారు. పిల్ల వేలు స్ట్రైకర్ మీదే ఉంది. ఇన్‌స్పెక్టర్ వంగి బోర్డు చూశాడు.

"రెడ్ కవర్ చేసినంక లేవండి. నడుమల లేస్తే మంచిగుండదు" అని లాఠీ చంకలో పెట్టుకున్నాడు.

కాయ పడింది. ఆయన చప్పట్లు కొట్టి అందరినీ వ్యానెక్కించాడు, అంపైరుతో సహా. ఆ వ్యానులోనే కార్యదర్శి నా శిష్యురాలిని విజేతగా ప్రకటించాడు. అరెస్టయినందుకు అంత సంతోషపడ్డవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

వారం తిరక్కుండానే కార్యదర్శి మాట మార్చాడు.

"బంద్ రోజు మ్యాచ్ పెట్టామంటే కుర్రాళ్లు నన్ను బతకనిస్తారాండీ? బంద్‌ను ధిక్కరించినట్టవుతుంది. ధర్నా అనేసుకుందాం."

"ధర్నాకు అంపైరు ఉంటాడా సార్?" అని అడిగాను. కాఫీ తెప్పించాడు.

పిల్లకు బ్యాంకు ఉద్యోగం వచ్చి నంద్యాల వెళ్లిపోయింది. రాష్ట్రం వచ్చింది. పాత కార్యదర్శి తప్పుకున్నాడు. ఆయన కుర్చీలో ఆ హాస్టల్ కుర్రాడే కూర్చున్నాడు. కుర్చీ వెనక గోడ మీద పెద్ద ఫోటో. నడిరోడ్డు మీద బోర్డు ముందు వాడు, వెనక లాఠీతో ఇన్‌స్పెక్టర్, కింద 'ఉద్యమంలో మన కార్యదర్శి' అని అక్షరాలు. నా శిష్యురాలిది మోచెయ్యి వరకే పడింది.

ఆ ఫైనల్‌ను మ్యాచ్‌గా రాయమని కనబడ్డప్పుడల్లా అడిగాను. నవ్వి భుజం తట్టి పంపేవాడు. పోయిన నెల నియమాల పుస్తకం చంకన పెట్టుకుని వెళ్లి, తేల్చితే గాని లేవనని ఎదురుగా కూర్చున్నాను. ఫోటో వంక చూసి అన్నాడు:

"కాకా, గది మ్యాచ్ అంటే నేనొక్కన్నే ఓడిపోయిన. ధర్నా అంటే మనమందరం గెలిచినం. ఇగ నువ్వే చెప్పు, ఏం రాయమంటవ్?"