గట్టిగా మోగేదే మన స్టేషన్

పాతికేళ్ళు ఆబిడ్స్ సందులో రేడియోలు బాగుచేసినవాణ్ణి. నా చేతిలో పడ్డాక మోగని రేడియో లేదు, మోగినాక వారం తిరక్కుండా మళ్ళీ నా దగ్గరికే రాని రేడియో కూడా లేదు. ఇంతటి మొనగాణ్ణి పోయిన సోమవారం అరచెయ్యంత తెల్ల డబ్బా ఒకటి పొద్దున్నుంచి పదకొండు దాకా మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

ఆదివారం నాడు మా కొడుకు నాంపల్లిలోని ఇంటికి వైఫై పెట్టించి, మర్నాడు పొద్దున్నే నా చేతిలో ఒక చీటీ పెట్టి డ్యూటీకి పోయాడు. ఆ రోజే పదకొండింటికి మా కోడలికి ఇంటర్వ్యూ. చంటిది పుట్టాక ఆగిపోయిన ఉద్యోగం, ఇంట్లో కూర్చునే చేసుకునే పద్ధతిలో మళ్ళీ దొరికేలా ఉంది. టైపు పరీక్ష కూడా ఉందట, అందుకని ఫోన్ పనికిరాదు, కంప్యూటరే కావాలి. నువ్వు పిల్లకు నీళ్ళు పోసి తయారుగ ఉండు బిడ్డా, గాలిలోంచి పాటలు తీసినోణ్ణి, నెట్టు తియ్యలేనా అని కోడలికి చెప్పి, చీటీ మడిచి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

తెర మీద ఏవేవో పేర్లు వరుసగా వచ్చాయి, ఒక్కోదాని పక్కన ఒక తాళం బొమ్మ. అన్నిటికంటే పైనున్నదానికి గీతలు నిండుగా ఉన్నాయి. ఇక ఆలోచించేదేముంది? ఏడో తరగతితో బడికి దండం పెట్టి షాపులో చేరిన కొత్తలో మా ఉస్తాద్ నేర్పిన మొదటి పాఠమే అది. ముల్లు తిప్పుకుంట పో, ఎక్కడ గట్టిగ మోగితే గదే మన స్టేషన్ అనేవాడు. టంకం పొగలో కళ్ళు మండుతుంటే ముల్లు తిప్పుతూనే నా వయసంతా గడిచింది. ఒక పెద్దమనిషి కాచిగూడ నుంచి సైకిల్ వెనక రేడియో కట్టుకొని వచ్చి, నాలుగు రోజులనుంచి మూగదైందని కంటనీరు పెట్టుకున్నంత పని చేస్తే, విప్పి చూసేసరికి లోపల బొద్దింకల కాపురం. దులిపి ముల్లు తిప్పగానే అది సందంతా మోగింది. ఆయన సంతోషం పట్టలేక నన్ను మొజంజాహీ మార్కెట్ దాకా తీసుకుపోయి ఐస్‌క్రీం తినిపించాడు. ఆ వారంలోనే రేడియో మళ్ళీ వచ్చింది, అది వేరే సంగతి.

నిండు గీతలున్న పేరునే నొక్కి, చీటీలోని పాస్‌వర్డ్ కొట్టాను. తప్పన్నది. పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ తేడా పోయిందేమోనని మళ్ళీ కొట్టాను, తప్పన్నది. రేడియోకైతే నెత్తిన ఒక్కటిస్తే దారికొచ్చేది, ముందుగదిలోకి పోయి డబ్బాకు ఆ వైద్యమూ చేశాను. డబ్బాలో దీపాలు ఆరి వెలిగాయి గానీ మాట మాత్రం మారలేదు. తప్పు చీటీదా, డబ్బాదా, నా వేళ్ళదా అర్థం కాక తల గోక్కుంటుంటే, వంటింట్లోంచి మా ఆవిడ ఎప్పటిలాగే సన్నటి గొంతుతో, చీటీల ఇంకేమో రాసున్నట్టుంది, జర సూడుండ్రి అన్నది. నువ్వు పోపు సూసుకో అన్నాను.

పదకొండుకు పావుగంట ఉందనగా కోడలు పిల్లను చంకనేసుకొని వచ్చింది. పేరు పట్టేసిన, తాళమొక్కటే పడతలేదు అన్నాను. మామ మాట నమ్మి తనూ రెండుసార్లు కొట్టింది. రెండుసార్లూ తప్పే. "మామయ్యా, టైముకు నేను కనవడకపోతే ఇంకొకల్లను పిలుస్తరంట," అన్నది నేలకేసి చూస్తూ.

మా ఆవిడ కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, నేను మడిచిన చీటీని విప్పింది. పాస్‌వర్డ్ పైన ఇంకో వరుస ఉంది. దాన్ని చదివి, తెర మీద వేలు దించుకుంటూ దించుకుంటూ అట్టడుగుకు పోయి ఆగింది. అక్కడ ఒకే ఒక్క గీతతో, ఇంగ్లీషులో ఆవిడ పేరే ఉంది. కొడుకు తల్లి పేరు పెట్టాడు. మా డబ్బా ముందుగదిలో, మధ్యలో పాతకాలపు మందపాటి గోడ, నేను కూర్చున్నది వెనకగదిలో. నిండు గీతలున్న పేరు మా నెత్తిమీద పై అంతస్తు వాళ్ళది. అంతసేపూ మా ఇంటి తాళంచెవితో పైవాళ్ళ తలుపు తియ్యబోయానన్నమాట! కోడలు ఆ పేరు నొక్కి పాస్‌వర్డ్ కొట్టగానే కలిసింది. పదకొండుకు రెండు నిమిషాలుందనగా ఆ పిల్ల ముఖానికి మళ్ళీ కళ వచ్చింది. ఉద్యోగమూ వచ్చింది.

ఆ సాయంత్రం చాయ్ తాగుతూ నాలో నేను అనుకున్నట్టే పైకి అన్నాను. మా కాలంలో గాలికి తాళాలెక్కడివి? సందు మొగలో ఇరానీ హోటల్ రేడియో మోగితే పాన్‌డబ్బావాడికీ, రిక్షావాడికీ, బట్టలారేసుకునే ఆడవాళ్ళకూ అదే పాట, అదే వార్త. గట్టిగా మోగేది అందరిదీ. ఇప్పుడు మన నెత్తిమీద ఎన్ని పాటలు పోతున్నాయో, ఒక్కటీ వినిపించదు. పై అంతస్తులో ఎవరుంటారో కూడా వాళ్ళ తాళం బొమ్మ చూసి తెలుసుకునే రోజులొచ్చాయి. ఏది ఎవరిదో, ఎక్కడ వెతుక్కోవాలో నాకు పాలుపోవడం లేదు. ఇంతకూ నీ పేరు గంత అడుగున, గంత సన్నగ ఉంటే నాకెట్ల కనవడ్తదే అని కూడా అన్నాను.

మా ఆవిడ చాయ్ గ్లాసులు తీసుకుంటూ, గొంతు ఏమాత్రం పెంచకుండా అన్నది. "నలభై ఏండ్లసంది నేను గీడనే ఉన్న. మీకే సిగ్నల్ అందలే."