బిర్యానీకి కాల్చిన బొగ్గు

మా కెమిస్ట్రీ మేడం పోయిన మంగళవారం కర్నూలు ఆసుపత్రిలో చనిపోయారు. ఫోనులో కబురు వినగానే ఏడుపు రాలేదు నాకు, ఒళ్లు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

డోన్‌లో ఇద్దరం ఒకే కాలేజీలో పాఠాలు చెప్పాం. రైతులు చేలోనే తగలబెట్టే పత్తి కట్టెను ఆమె ఆటోలో వేయించుకుని వచ్చేవారు. మూసిన డ్రమ్ములో గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేసి, దాన్ని గంధకామ్లంలో ఉడికించి, కడిగి ఎండబెట్టేవారు. బజ్జీల బండ్ల మీద మిగిలిన నల్లనూనెలో మిథనాల్ పోసి, ఈ బొగ్గు వేసి కాస్తే డీజిల్ లాంటి ఇంధనం వచ్చేది. బొగ్గును వడగట్టి మళ్లీ వాడేవారు.

"బొగ్గుండేది కాల్చేదానికే అనుకుంటారప్పా మనోళ్లు. దీంతో పని చేపించుకోవల్ల," అనేవారు. ఆమె చీరలకు ఎప్పుడూ బజ్జీల వాసనే. వాసన రాగానే పిల్లలు "మేడం వస్తాండారు" అని సర్దుకుని కూర్చునేవారు.

వరండాలోనే ఆమె ప్రయోగాలన్నీ. తనిఖీకి వచ్చేవాళ్ల ఎదుట ఇంధనం చేసి, దాంతో జనరేటర్ నడిపి చూపిస్తే ఒక గది ఇస్తానన్నాడు కరస్పాండెంటు. తీరా ఆ రోజు పొద్దున చూస్తే బొగ్గు మూట లేదు. వచ్చినవాళ్ల బిర్యానీకి దమ్ పెట్టాలని వంటవాళ్లు దాన్నే నిప్పు చేసి గిన్నె మూత మీద పోసేశారు! గంధకం పొగకు వంటమనిషి దగ్గలేక చచ్చాడు.

"నా బొగ్గు కాల్చేసినారా సార్?"

"బొగ్గే కదా మేడం! ఇంగో మూట తెప్పిస్తాంలే. దానికింత రాద్ధాంతమా?"

ఆయన్ను నేను కడిగేయబోతే మేడం ఆపారు. "వానికి చెప్పేదానికన్నా ఇంగో డ్రమ్ము కాల్చేది సులువప్పా." గది మాత్రం రాలేదు. ఆ తర్వాత తన ఇంటి మిద్దె మీదే చేసుకున్నారు, జబ్బు పడేదాకా.

నిన్న సంతాప సభ. అదే కరస్పాండెంటు మేడం ఫొటోకు దండ వేసి, ఆమె పేరున ల్యాబ్ కడతానన్నాడు. బతికుండగా ఒక గది తాళం ఇవ్వడానికి చేతులు రానివాడు! పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఇంతలో కరెంటు పోయింది, అటెండరు జనరేటర్ వేశాడు.

ఆ పొద్దున్నే మేడం చెల్లెలు, "అక్క చేసిండేది ఇదే మిగిలుండాది, తీసుకపోండి అన్నా," అని ఒక క్యాను నా చేతికిచ్చింది. అది తెచ్చి జనరేటర్‌లో పోసింది నేనే.

మైకు మళ్లీ మోగింది. ఆయన పొగడ్త అందుకున్నాడు. కిటికీల్లోంచి బజ్జీల వాసన హాల్లోకి వచ్చింది.

"ఎవరప్పా, ఇప్పుడు వంట చేస్తాండేది?" అని మైకులోనే కసిరాడు.

వెనక బెంచీల్లో పిల్లలు సర్దుకుని కూర్చుని, గుమ్మం వైపు చూశారు.