ఉప్పులేని నైవేద్యం

ఐర్లండ్‌లోని ఈ స్లైగోలో పొద్దున్నే కొండ కనబడదు. పొగమంచు మింగేస్తుంది. ఆ మంచులోంచే ఫింటన్ మొదటిసారి వచ్చాడని ప్రభావతి ఆంటీ చెబుతుంది. బూడిదరంగు బొచ్చు, దూడంత ఒళ్ళు. వంటింటి కిటికీ గట్టు మీద గడ్డం ఆనించి లోపలికి చూశాడట. ఐరిష్ వుల్ఫ్‌హౌండ్ జాతి కుక్క కదా, వెనక కాళ్ళ మీద లేవాల్సిన పనే లేదు.

నేను వాళ్ళింట్లో పైగదిలో అద్దెకుంటాను. పేరు నవీన, ఇక్కడి ఆస్పత్రిలో జూనియర్ డాక్టర్ని. ఆంటీ భర్త పద్మనాభం అంకుల్ అక్కడే పెద్ద డాక్టరు. నాకు కోపమెక్కువ, ఆంటీకి చాదస్తమెక్కువ. అందుకే మాకు బాగా కుదిరింది.

నైవేద్యం అయ్యాక మొదటి ముద్ద ఇంట్లోవాళ్ళు తినకూడదు, బయట నోరులేని జీవానికి పెట్టాలి. అదీ ఆవిడ పట్టుదల. తెనాలిలో వీధికుక్క ఉండేది. ఇక్కడ సీగల్ పక్షులు తన్నుకుపోతుంటే ఆవిడ ప్రాణం ఉసూరుమనేది. ఫింటన్ వచ్చాక ఆ బెంగ తీరింది. వాడు పక్కింటి డెక్లన్ కుక్క. ఆయన భార్య పిల్లప్పట్నుంచీ పెంచిందట. ఆవిడ పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఆయనా, వాడూ. పెట్టొచ్చా అని ఆంటీ సైగ చేస్తే, "గ్రాండ్, గ్రాండ్" అంటూ డెక్లన్ తలూపాడు.

కుక్కలకి పడని ఉల్లి, వెల్లుల్లి నైవేద్యంలో ఉండవు కాబట్టి ఇన్నాళ్ళూ గండం గడిచింది. ఆ శుక్రవారం చక్కెర పొంగలి చేసింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఫింటన్ పళ్ళెం నాకుతున్నాడు, ఆంటీ మురిసిపోతోంది.

"ఏం వేశారాంటీ ఇందులో?"

"ఏముందే, బియ్యం, పెసరపప్పు, నెయ్యి. వాడికి ఇష్టమని కిస్‌మిస్ ఇంకో గుప్పెడు వేయించి వేశా."

నాకు ఒళ్ళు మండిపోయింది. మా వార్డులో నర్సు పెంచుకున్న కుక్క కిస్‌మిస్‌లు తినే కిడ్నీలు పాడై చచ్చిపోయింది. ఆ మాటే గట్టిగా అన్నాను.

"అంత ఒంటికి గుప్పెడు ఏం చేస్తుందే?" అంది, కానీ పళ్ళెం గబుక్కున లాగేసుకుంది.

"ఎంత తింటే ప్రమాదమో ఎవరూ చెప్పలేరాంటీ. ఇప్పుడే వెట్, అదే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి."

ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం. డెక్లన్‌తో నన్నే చెప్పమంటుందనుకున్నాను. అనలేదు. పొంగలి గిన్నె పట్టుకుని, చెప్పులు కూడా లేకుండా, తడి గడ్డిలో పక్కింటికి నడిచింది. గిన్నెలోంచి కిస్‌మిస్ తీసి ఆయనకి చూపించింది. "మై మిస్టేక్. ఐ గేవ్," అంది. ఆయన వెంటనే కారు తాళాలు తీసుకున్నాడు.

వెట్ ఫింటన్‌చేత కక్కించింది, సెలైన్ పెట్టి అక్కడే ఉంచుకుంది. వాడు లేనన్నాళ్ళూ ఆంటీ దీపం వెలిగించింది కానీ నైవేద్యం పెట్టలేదు. "ఏ చేత్తో పెట్టనే?" అంది. కిటికీ అద్దం మీద సన్నగా వాన జారుతుంటే ఖాళీ గట్టుకేసి చూస్తూ కూర్చునేది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామంటే నాకు ఏడుపొచ్చింది.

ఒక పొద్దున మంచులోంచి డెక్లన్, ఫింటన్ ఇద్దరూ వచ్చారు. కిడ్నీలు బాగానే ఉన్నాయిట. కానీ వాడు ఇంట్లో ఏమీ ముట్టడం లేదని, ఈ కిటికీకేసే లాగుతున్నాడని డెక్లన్ అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. "మీ చేత్తోనే పెట్టమంటున్నారాంటీ."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, వెట్‌ని అడిగాకే పొయ్యి వెలిగించింది. మెత్తటి అన్నం, ఉడికించిన గుమ్మడి. ఉప్పు లేదు, నెయ్యి లేదు. ఇంత పెద్ద కుక్కలు తిన్నవెంటనే గెంతితే కడుపు మెలిపడుతుందట. అందుకని వాడు తిన్నాక మెడ మీద చెయ్యి వేసి గుమ్మం మెట్టు మీద కూర్చుంది. పక్క మెట్టు మీద డెక్లన్ కూర్చున్నాడు. మంచు మెల్లగా విడిపోయి, కొండ కొంచెం కొంచెంగా బయటపడింది.

ఈ శుక్రవారం చూస్తే దేవుడి ముందు కూడా ఉప్పులేని అన్నం, ఉడికిన గుమ్మడే.

"ఆయనకైనా పొంగలి లేదా ఆంటీ?"

"ఆయన చూసి ఊరుకుంటాడు," అంది. "తినేది వాడు కదే."